పలకపై లేచి నిలుచుట

మా అనంతపురమునకు అనంతసాగరమను చెరువువలన ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పేరున సాగరమున్నను నేలపై నీరు తక్కువ. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ మెట్టసీమలో పలు బావులెండుటతో ఈతయు వెనుకబడినది. పూర్వము మగపిల్లలు నడుమునకు బెండ్లు కట్టుకొని దిగుడుబావులలో ఈత నేర్చెడివారు. ఆడపిల్లలకు ఆ భాగ్యము నాడును అరుదే. ఇట్టి ఊరివాడను సర్ఫింగును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోపవచ్చును.

విశాఖపట్టణమున చదువుకొనుచున్న నా మేనకోడలు ఋషికొండ తీరమున ఆ విద్య నభ్యసించుచున్నది. పలకపై బోరగిల పరుండి అలతోపాటు సాగుట ఆమెకు పట్టుబడినది. లేచి నిలువబోయినంతనే పడిపోవుచుండెనట. సెలవులకు వచ్చినప్పుడు మా వాకిట ముగ్గుపిండితో పలక ఆకారము గీసి, నడుమ నొక నిలువుగీత వేసి, దినమునకు ఇరువదిసార్లు పరుండి లేచుచుండెను. ఇంటి పెద్దలకు ఇవి ఆడపిల్లకు తగని గంతులుగా కనబడెను. చెంత కూర్చుండి చూచిన నాకు అందొక క్రమము కనబడినది.

అల వెనుకనుండి పలకను ఎత్తి, అది తనంత తాను జారుట మొదలిడువఱకు లేవరాదు. అప్పుడును మఱి రెండు బారలు వేయుట మేలు. తొందరపడినవారిని విడిచి అల ముందునకు పోవును. ఆలస్యమైనచో పలక మొన నీట దిగబడును. అరచేతులను ఱొమ్ము ప్రక్కల పలకపై పఱచి నొక్కవలెను. అంచు పట్టుకొన్నచో పలక ఒరగును. పిమ్మట ఒక్క ఊపున పాదములను లాగికొని, ముందుపాదమును రెండు చేతుల నడుమను, రెండవదానిని వెనుకను, నడిమిగీతపై అడ్డముగా నిలుపవలెను. మోకాళ్లు వంగియే యుండవలెను; నిటారుగా నిలిచినవారు తూలుదురు.

మా పిల్ల మోకాలిపై ఒక క్షణము ఆగుచుండెను. అందువలన పాదము గీత తప్పి ప్రక్కకు పడుచుండుట ముగ్గుపిండిలో స్పష్టముగా తెలిసెను. అంతకంటె పెద్ద లోపము చూపునందున్నది. లేచునప్పుడు తన పాదములను చూచుకొనుచుండెను. చూపు దిగిన తల వంగును. తల వంగిన బరువు ముందునకు వ్రాలును. ఆడపిల్ల తల దించుకొని నడువవలెనని మన ఇండ్లలో నేటికిని చెప్పుచున్నారు. అలపై ఆ మాట పాటించిన పిల్ల నీటిపాలగును. తీరమును చూచి లేచుట ఆమెకు చేతులబలము కంటె కష్టమైనది. పదిదినముల పిదప ఆ అలవాటు వదలినది. నురుగు అలలపై పదింట నాలుగుసార్లు నిలిచితినని తరువాత తెలియజేసినది.

ఇది స్త్రీలకు క్రొత్త విద్య కాదు. ప్రాచీన హవాయి దీవులలో స్త్రీపురుషులిరువురును అలలపై స్వారిచేసిరి. టోక్యో ఒలింపిక్ క్రీడలలో, 2021లో, సర్ఫింగు మొదటిసారి చేర్పబడగా, స్త్రీల పోటీలో హవాయి వనిత కరిస్సా మూర్ స్వర్ణపతకము గెలిచెను.

అయితే వాకిలి నేర్పగలిగినది లేచుట మాత్రమే, ఈత నేర్పలేదు. ఈతరాని పిల్లను పలకనమ్మి సముద్రమున దింపుట ధైర్యము కాదు, అవివేకము. కావున నీరు కఱవైన సీమలోనే ఈతకొలనులు మిక్కిలి యవసరము. వానిలో బాలికలకు ప్రత్యేకవేళలును, నేర్పుటకు స్త్రీలును ఉండవలెను. అందాక మన వాకిళ్లలో ముగ్గుగీతపై లేచు పిల్లలను చూచి నవ్వకుందుము. తల యెత్తి చూడుమని వారికి చెప్పుటకు వాన కురియనక్కఱలేదు.