అవ్వ చేతి కొలత

మా అవ్వ నేల మీద కూర్చుని రెండేళ్లయింది. మోకాళ్లు అరిగాయి, కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. మేమంతా మాత్రలు, తైలం, ఎత్తు కుర్చీ గురించే ఆలోచించాం. వాటితోపాటు ఆమె ఆటలు కూడా పోయాయని ఎవరికీ తట్టలేదు. అవ్వ ఆడే ఆటలన్నీ నేల మీదివే. సుద్దముక్కతో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీస్తే అష్టాచెమ్మా. ఇంకో పక్క గీతలు గీస్తే పులిమేక. సాయంత్రమైతే ఎదురింటావిడతో గవ్వలు వేసే మనిషి, కుర్చీలో కూర్చుని వీధి చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు “ఇంక నాతో మీకేం పనుందే?” అనేసింది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అవ్వ నేలకు దిగలేకపోతే ఆటనే పైకి తేవాలి అనుకున్నాను. నాయనతో చెబితే “ఇంత చిన్న హాల్లో ఆటకొక బల్లా?” అన్నారు. న్యాయమే. చెన్నైలో మా ఇల్లు మీలో కొందరు చూశారు. అమ్మకేమో అన్నాలు తినే బల్ల కావాలి, తమ్ముడికి క్యారమ్స్ కావాలి, నాకు చదువుకోను చోటు కావాలి. సరే, అన్నీ ఒక్క బల్లలోనే పెడదామని నోటుపుస్తకం తీశాను.

నా ఆలోచన ఇది. చూడటానికి మామూలు బల్ల. పైన రెండు మూతలు. అవి తీస్తే లోపల మూడంగుళాల లోతు గుంట. చుట్టూ అంచు ఉంటుంది కాబట్టి గవ్వలు దొర్లి కింద పడవు. ఆట సగంలో ఉన్నా మూతలు వేసి అన్నం తినొచ్చు, కాయలు ఎక్కడివక్కడే ఉంటాయి. తమ్ముడి క్యారమ్ బోర్డులో ఆడే చోటు 29 అంగుళాలు, చట్రంతో కలిపితే 34. అందుకని గుంట 35 అంగుళాల చదరం.

బయటి కొలత మొదట నాలుగడుగులు అనుకున్నాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, అవ్వను కుట్టుమిషన్ బల్ల ముందు కూర్చోబెట్టి చెయ్యి చాపమన్నాను. నడుము వంచకుండా అంచు నుంచి 20 అంగుళాలు అందింది. నాలుగడుగుల బల్లకు నడిమి గడి 24 అంగుళాల దూరంలో ఉంటుంది. ఆమె కాయ పండాల్సిన చోటే ఆమెకు అందదన్నమాట! కొట్టేసి 38 అని రాశాను. అప్పుడు నడిమి గడి 19కి వచ్చింది.

మూతలకు చెక్క కొనలేదు. ఊళ్లో పాత ఇల్లు పడగొట్టినప్పుడు నాయన దాచిన రెండు రెక్కల తలుపు ఉంది. ఒక్కో రెక్క ఒక్కో మూత. మే నెల సెలవుల్లో వడ్రంగి వచ్చి కోశాడు. “కొంచెం సందు వదలనామ్మా?” అని అడిగాడు. అందంగా ఉండదు, సరిగ్గా అతికినట్టు కోయమన్నాను.

ఒక పలక మీద అష్టాచెమ్మా గళ్లు నేనే రంగుతో వేశాను. పులిమేక గీతలు అవ్వ గీసింది. వడ్రంగి చూసి “ఇదు ఆడుపులి ఆట్టందానే!” అని పని ఆపి కూర్చున్నాడు. మూడు పులులు ఆయనవి, పదిహేను మేకలు అవ్వవి. నాలుగు మేకల్ని తిన్నాడు కానీ, చివరికి మూడు పులులూ కదల్లేకుండా ఇరుక్కుపోయాయి. అవ్వ నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాం.

నవంబరులో వానలు పట్టాయి. ఒక సాయంత్రం మూత ఎత్తబోతే రాలేదు. నేను లాగాను, తమ్ముడు గరిటె కాడ దూర్చి చూశాడు. ఉహూఁ. అవ్వ కుర్చీలోంచి చూస్తూ అంది: “ఆ తలుపు ఊళ్లోనూ అంతేనే. వాన పడితే బిగుసుకుంటుంది. మీ తాత భుజంతో తోసేవాడు. నన్నడిగుంటే చెప్పనా?”

నాకు సిగ్గేసింది. టేపు పెట్టి అవ్వ చెయ్యి కొలిచాను, గీతలు గీయించుకున్నాను. కానీ ఆ తలుపును నలభై ఏళ్లు తీసి, వేసిన మనిషిని దాని గురించి ఒక్క మాట అడగలేదు. “నాతో ఏం పనుందే” అన్న మాటకు బల్ల చేసి జవాబు చెప్పేశాననుకున్నాను. అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది.

వానలు తగ్గాక వడ్రంగి మూతల అంచులు కాస్త చిత్రిక పట్టి, వేలు దూరేంత రంధ్రం పెట్టి ఇచ్చాడు. ఎక్కడ పెట్టాలో ఈసారి అవ్వే చూపించింది.

ఇప్పుడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మూతలు తీసే ఉంటాయి. అన్నం వేళకు అమ్మ “ఇంక మూయండి” అని అరుస్తుంది. ఎదురింటావిడ మళ్లీ వస్తోంది. నాలుగు గవ్వల్లో ఒకటి తమ్ముడు పోగొట్టాడు. ఒక పక్క అరగదీసిన చింతగింజలతో ఆడుతున్నాం. ఆదివారం ఎవరైనా రండి. మేకలు మాత్రం అవ్వవే, ముందే చెబుతున్నాను.