బండ చప్పుడంటే బెదురు!

టీవీలో ఎప్పుడైనా కుక్కల విన్యాసాల పోటీ చూశారా? యజమాని పక్కనే పరుగెడుతూ చెయ్యి చూపిస్తుంటాడు. కుక్క అడ్డుకర్రలు దూకుతుంది, గొట్టంలో దూరి అవతల తేలుతుంది, వరసగా పాతిన కర్రల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. అజిలిటీ అంటారు దాన్ని. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్‌ అనే పెద్ద కుక్కల ప్రదర్శన జరుగుతుంటే, మధ్యలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని మొదలుపెట్టిన ఆట. బందరులో మా పక్కింటి కుర్రాడు అది చూసి మోజుపడ్డాడు. ఏడాది నిండని తన కుక్కతో ఓ వేసవంతా డాబా మీద కుస్తీ పట్టాడు. అన్నీ బాగానే చేసేదది. ఊగుడుబల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగు కాళ్లూ నేలకు అతుక్కుపోయేవి. బిస్కెట్టు చూపించినా సరే, బతిమాలినా సరే... ఊహూ!

ఈ ముచ్చట మా వీధిలోనే ఉండే రిటైర్డ్‌ పశువుల డాక్టరు గారికి చెబితే పకపకా నవ్వారు. "ఇలాంటివాడే దివిసీమలో ఒకడున్నాడు. కాకపోతే వాడు బిస్కెట్లు తినడు, ఉలవలు తింటాడు. ఎల్లుండి చూడ్డానికి వెళ్తున్నా, వస్తావా?" అన్నారు.

కార్తీక మాసం. పొద్దున్నే బందరు నుంచి 216 జాతీయ రహదారి పట్టుకున్నాం. రోడ్డుకు రెండు వైపులా వరి కంకులు బరువుకు వంగి ఉన్నాయి. చల్లపల్లి దాటి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి కారులోంచే దండం పెట్టుకుని, పులిగడ్డ చేరేసరికి మంచు విడిపోయింది. అక్కడే కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే అసలు దివి. నదిని దాటించి కాలువ నీళ్లను ఆ లంకలోకి తీసుకెళ్లే అక్విడక్టును ఎన్నిసార్లు చూసినా కారాపాలనిపిస్తుంది. కింద నది, పైన కాలువ! అవనిగడ్డలో టీలు తాగి నాగాయలంక దారిలో ఓ ఊరికి వెళ్లాం.

చావిడి ముందు నిలబడి ఉన్నాడు మన కథానాయకుడు. తెల్లటి ఒంగోలు కోడె. నల్లని మూతి, కాటుక పెట్టినట్టున్న కళ్లు, మోకాళ్ల దాకా వేలాడే గంగడోలు. చూస్తే రాజసం ఉట్టిపడుతోంది. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు 'వీర' అని ఒంగోలు గిత్త బొమ్మనే చిహ్నంగా పెట్టుకున్నారు, గుర్తుందా? ఈ జాతి సముద్రాలు దాటి బ్రెజిల్‌ వెళ్లి అక్కడ 'నెల్లూరు' పేరుతో కోట్లలో పెరిగింది. అంతటి వంశంలో పుట్టిన ఈ సిన్నోడు... బండ లాగమంటే లాగడు!

పందెం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎడ్ల జతను కాడికి పూన్చి, వెనక రాతి బండ కడతారు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత గొప్ప. బరి చివరికి వెళ్లాక మలుపు తిప్పుకుని మళ్లీ లాగాలి. మధ్యలో ఆగినా గడియారం ఆగదు. వయసును పళ్లతో లెక్కిస్తారు. పశువుకు పై దవడలో ముందు పళ్లే ఉండవు, ఉన్న ఎనిమిదీ కింద దవడలోనే. పాలపళ్లు ఓ జత ఊడి పెద్ద పళ్లు రావడానికి సుమారు రెండేళ్లు, రెండున్నరేళ్లు పడుతుంది. అక్కణ్నుంచి ఒక్కో జతే మారుతూ వస్తుంది. అందుకే పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పోటీలు. ఆ పైన జూనియర్లు, సీనియర్లు. చిన్నవాటికి బండ క్వింటాళ్లలో ఉంటే సీనియర్లకు టన్నుల్లో ఉంటుంది. పాలపళ్ల దూడల చేత బరువు లాగించడం నాకైతే ముద్ద మింగుడుపడదు. డాక్టరు గారికీ అంతే. "ఎముక ముదరాలయ్యా ముందు" అంటారాయన.

సిన్నోడిది రెండు పళ్ల వయసు. వాడి జోడీ అయిన పెద్దోడు చెప్పిన మాట వింటాడు. వీడు కాడి మెడ మీద పెట్టనిస్తాడు, బండి కడితే హాయిగా నడుస్తాడు, కాలువలో ఈదమంటే ఈదుతాడు. బండ కట్టారా... రెండడుగులేసి ఆగిపోతాడు. చెవులు వెనక్కి తిప్పుతాడు. ఇంకా అదిలిస్తే కాడి కిందే పడుకుంటాడు.

"అమ్మినాయన ఓ సలహా ఇచ్చాడండీ... తోక మెలేసి, ములుగర్రతో రెండు పొడిస్తే అదే లేస్తుందని" అన్నాడు రైతు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మాట నెమ్మది. "నేనా పని చెయ్యను. పొడిస్తే లేస్తాడు నిజమే. ఆ తర్వాత నన్ను చూసినా పడుకుంటాడు."

డాక్టరు గారు సిన్నోడి కాళ్లు, గిట్టలు, మెడ, పళ్లు అన్నీ తడిమి చూశారు. ఎక్కడా నొప్పి లేదు. "చెవులు చూడు" అన్నారు నాతో. పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుందట. కనిపించనిదల్లా తన వెనక సూటిగా ఉన్న కాస్త చోటే. సరిగ్గా అక్కడే బండ! నేలను గీరుకుంటూ గరగరమని చప్పుడు చేస్తూ వెంటాడే వస్తువేదో వెనకుంది. తిరిగి చూద్దామంటే కాడి అడ్డం. తను ఆగితే అదీ ఆగుతోంది. మరి ఆగకేం చేస్తుంది? వీడి లెక్కలో వీడిది మొండితనం కాదు, తెలివి.

అమెరికాలో టెంపుల్‌ గ్రాండిన్‌ అనే శాస్త్రవేత్త ఉన్నారు. పశువులు ఫలానా చోట ఎందుకు ఆగిపోతున్నాయో తెలుసుకోవడానికి ఆవిడ స్వయంగా అవి నడిచే ఇరుకు దారుల్లోకి దిగి, వాటి కంటికి ఏం కనిపిస్తోందో చూసేవారు. వేలాడే గొలుసు, నేల మీద నీడ, తళుక్కుమనే నీటి మడుగు... మనం పట్టించుకోని వాటికే అవి బెదురుతాయని తేల్చారు. మా దివిసీమ రైతు ఆవిడ పేరు వినలేదు. కానీ ఆయన చెయ్యబోయేదీ అలాంటిదే.

మర్నాడు పొద్దున్నుంచే పాఠం మొదలు. ఇంట్లో రాముడని ఓ ముసలి ఎద్దు ఉంది. ట్రాక్టర్లు వచ్చాక పని లేక, అమ్మబుద్ధి కాక అట్టే పెట్టుకున్నారు. రాముడి చేత చిన్న రాయి లాగిస్తూ, సిన్నోణ్ని కాడి లేకుండా రాయి వెనక నడిపించారు. చప్పుడు చేసేదేమిటో ముందు కళ్లారా చూడాలి కదా! రైతు మనవడు... బందరులో డిగ్రీ చదువుతున్నాడు... పలుపు వదులుగా పట్టుకుని నడిచేవాడు. నాలుగు రోజులకు రాయికి పక్కగా నడిపించారు. వారం దాటాక సిన్నోణ్ని రాముడి పక్కన కాడికి కట్టి, వెనక రాయికి బదులు పాత టైరు తగిలించారు. అది మెత్తగా వస్తుంది, గీరుకోదు. తర్వాత ఇసక బస్తా. ఆ తర్వాతే రాయి.

"ఎంతసేపు నడిపిస్తారు?" అనడిగా.

"వాడికి విసుగు పుట్టేలోపే ఆపేస్తానండీ. ఇంకో పది అడుగులు వేస్తాడేమో అనిపించినప్పుడే కాడి దించెయ్యాలి. ఆ పది అడుగులు రేపటికి ఉంటాయి."

కాడి దించగానే గంగడోలు నిమిరి గుప్పెడు నానిన ఉలవలు పెట్టేవాడు. ఆ సాయంత్రమే నేను పక్కింటి కుర్రాడికి ఫోన్‌ చేశా. "ఊగుడుబల్ల కిందికి దిగేటప్పుడు ఠప్‌మని కొడుతోందేమో... కింద బొంత వేసి చూడు" అని. కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాళ్లు చేసేదీ అదేనని తర్వాత తెలిసింది. చప్పుడు తగ్గించి, బల్ల ఎత్తు తగ్గించి, మెల్లగా పెంచుకుంటూ వస్తారట. ఇంకో మాట కూడా తెలిసింది. ఆ పోటీ జరుగుతుండగా యజమాని కుక్కను చేత్తో ముట్టుకోకూడదు. మన బరుల్లో చెర్నాకోలలు ఝళిపించడం గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

మన పందాల మీద ఆక్షేపణలు లేకపోలేదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పరుగు పందాలనూ ఆపేసింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి. 2023 మేలో కోర్టు ఆ సవరణలను సమర్థించింది. హింసించేవాళ్లు ఉన్నారన్నది అబద్ధం కాదు. అయితే రైతు అడిగిన ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు. "పొలానికి ట్రాక్టరు వచ్చింది, కోతకు మిషన్‌ వచ్చింది. పందెమే లేకపోతే మగదూడని ఎవరు మేపుతారండీ? సంతకు తోలతారు. కొన్నవాడు ఎక్కడికి తీసుకెళ్తాడో ఎవరూ అడగరు." సిన్నోడి మీద లక్షకు పైనే పెట్టాడాయన. "ఈ సంక్రాంతికి నడవకపోతే అమ్మెయ్యండి నాన్నా" అని కొడుకు అప్పటికే అనేశాడట. మనవడు ఆ మాట చెప్తూ తల దించుకున్నాడు.

ఆ ఇంట్లో పశువును ఎప్పుడూ బిగించి కట్టరు. లాగితే ఊడిపోయే ముడి వేస్తారు. ఎందుకని అడిగితే రైతు వెంటనే చెప్పలేదు. భోజనాలయ్యాక, వక్కపలుకు నోట్లో వేసుకుని చెప్పాడు. 1977 నవంబరు 19. ఆయనకు పదేళ్లు. సముద్రం ఊళ్లోకి వచ్చిన రాత్రి. వాళ్ల నాన్నకు పిల్లల్ని చెట్టెక్కించడానికే చేతులు చాల్లేదు. చావిట్లో కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. సొర్లగొంది లాంటి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయిన ఉప్పెన అది. మనుషులే వేలల్లో పోయారు, ఇక పశువుల గురించి చెప్పేదేముంది? "తెల్లారాక కూడా పలుపులు గుంజలకే ఉన్నాయండీ" అని లేచి చావిట్లోకి వెళ్లిపోయాడు.

సంక్రాంతికి గుడివాడ వెళ్లాం. పండగ రోజుల్లో అక్కడ బండలాగుడు పోటీలంటే గుంటూరు, ప్రకాశం వైపు నుంచే కాదు, తెలంగాణ నుంచి కూడా జతలు వస్తుంటాయి. డీసీఎం వ్యానులో గడ్డి పరిచి సిన్నోణ్నీ పెద్దోణ్నీ ఎక్కించారు. చల్లపల్లి నుంచి కూచిపూడి, పామర్రు మీదుగా దారి. కూచిపూడిలో పసిపిల్లల చేత అడుగులు వేయిస్తూ తాళం కొట్టే గురువులు గుర్తొచ్చారు. అక్కడా అంతే, మొదటి రోజే పెద్ద నాట్యం చేయించరు.

బరి దగ్గర తిరునాళ్లే! ముగ్గులద్దినట్టు కొమ్ములకు రంగులు, మెడలో మువ్వలు, పూలదండలు. ఓ పక్క జీళ్లు, చెరుకు ముక్కలు. మైకులో వ్యాఖ్యాత గుక్క తిప్పుకోకుండా జతల వంశాలు చదివేస్తున్నాడు. కొన్ని జతల్ని తోలే తీరు చూసి మొహం తిప్పుకున్నా. ఇంకొన్ని జతలు మాత్రం ఒక్క కేకకే నాగలి సాలులా తిన్నగా దూసుకుపోయాయి.

మనవాళ్ల వంతు వచ్చింది. న్యాయనిర్ణేతలు పెదవి ఎత్తి పళ్లు చూశారు. బండ తగిలించారు. నా గుండె గొంతులోకి వచ్చింది. మనవడు సిన్నోడి మూపురం మీద చెయ్యేసి ఏదో అన్నాడు. అంతే, కదిలాడు! వెనక బండ గరగరలాడుతోంది. చెవులు ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొచ్చాయి. బరి చివరి దాకా వెళ్లారు. మలుపు తిరిగారు. మళ్లీ చివరి దాకా. మూడోసారి కూడా వెళ్లి మలుపు తిరుగుతుండగా జనం ఒక్కసారిగా ఈలలేశారు. మైకు గీమని అరిచింది. సిన్నోడు ఆగిపోయాడు.

"కొట్టవయ్యా!" ఎవరో అరిచారు. పక్క జత తాలూకు మనిషి చెర్నాకోల అందించబోయాడు. రైతు తీసుకోలేదు. సిన్నోడి ముందుకెళ్లి నిలబడ్డాడు. గడియారం తిరుగుతోంది. నిమిషం గడిచింది. పశువు ఒళ్లు వణుకుతోంది. ఇంకా నాలుగు నిమిషాలుండగానే కాడి దించమని మనవడికి సైగ చేశాడు. జనంలో నవ్వులు. మైకులో అడుగులు చదివారు. బహుమతికి ఆమడ దూరం.

వ్యాను దగ్గర కొడుకు ఏమీ మాట్లాడలేదు. నేను బందరు నుంచి తెచ్చిన తొక్కుడు లడ్డూ పొట్లం విప్పా. రైతు ఒకటి తీసుకుని సగం విరిచి సిన్నోడి నోటికి పెట్టాడు. నాకే ఉండబట్టలేదు. "మరి వీణ్ని...?" అన్నాను.

"బండకు బెదరలేదు, చూశారు కదండీ! మైకుకు బెదిరాడు. అది నేను నేర్పలేదు" అన్నాడు. కొడుకు వైపు చూడకుండానే, "వచ్చే సంక్రాంతికి నాలుగు పళ్లొస్తాయి" అని కలిపాడు.

వ్యాను పామర్రు దాటేసరికి చీకటి పడింది. వెనక గడ్డిలో మనవడు సిన్నోణ్ని ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో సెల్‌ఫోన్‌. పొద్దున బరి దగ్గర రికార్డు చేసుకున్న ఈలలు, మైకు కేకలు దాంట్లోంచి వినీ వినపడనంత సన్నగా వస్తున్నాయి. సిన్నోడు నెమరేస్తున్నాడు.