వీసా పోయింది, ప్రశ్నలు మిగిలాయి

శంషాబాద్‌లో కౌలాలంపూర్ విమానానికి చెకిన్ మొదలైందంటే కాసేపటికే ఆ మాట వినబడుతుంది: “వీసానే అక్కర్లేదన్నారు, మళ్లీ ఈ కాగితాలేంటమ్మా?”

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 30 రోజుల దాకా వీసా లేకుండా రావచ్చని మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి అనుమతించింది. తర్వాత ఆ వెసులుబాటును 2026 చివరిదాకా పొడిగించింది. ఎందుకొస్తున్నారు, ఎక్కడుంటారు, ఎప్పుడు వెళ్తారు అని వీసా ఆఫీసరు అడిగే ప్రశ్నలు మాత్రం ఎక్కడికీ పోలేదు. సగం నా కౌంటరుకొచ్చాయి, మిగతా సగం అక్కడి ఇమ్మిగ్రేషన్‌లో కాచుకుని ఉంటాయి. వాళ్లు వెనక్కి పంపితే ఆ మనిషిని తిరిగి తేవాల్సింది ఎక్కించిన ఎయిర్‌లైనే. పైగా చాలా దేశాలు జరిమానా వేస్తాయి. అందుకే విమాన సంస్థల సంఘం ఐఏటీఏ వాళ్ల టిమాటిక్ డేటాబేస్‌లో నిబంధనలు చూసుకోకుండా మేం బోర్డింగ్ పాస్ ఇవ్వం. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి, తిరుగు టికెట్ ఉండాలి. డిజిటల్ అరైవల్ కార్డు దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. దానికి ఫీజు లేదు. అయినా డబ్బు గుంజే సైట్లకు కొదవ లేదు.

కూతురి పురుటికి వెళ్లే అమ్మలతోనే నాకు కష్టం. సూట్‌కేసు నిండా శొంఠి, కారప్పొడులు. తిరుగు టికెట్ చూస్తే రెండు నెలల తర్వాత. “బాలింతను వదిలేసి నెలకే ఎలా వచ్చేస్తాను తల్లీ?” అంటారు. ఆవిడ అనేది న్యాయమే. కానీ ఆ టికెట్‌తో నేను ఎక్కించలేను. అప్పటికప్పుడు కూతురికి ఫోను, అల్లుడు తేదీ మార్చడం, తేడా డబ్బులు కట్టడం. ఎక్కువ రోజులుండాలంటే వీసా ముందే తీసుకోవాలి. అల్లుళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ. నిబంధనలు చదవడానికి మాత్రం తీరిక దొరకదు.

కుర్రాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉంటాను. టూరంటారు, హోటల్ పేరడిగితే “ఎవరో అన్న వచ్చి తీసుకెళ్తాడు మేడమ్” అంటారు. కొందరి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది, అంటే ఎక్కువగా పదో తరగతి పాసవ్వని వాళ్లన్నమాట. ఉద్యోగానికి వెళ్లాలంటే వాళ్లకు ముందే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరైన 18 దేశాల్లో మలేసియా, థాయ్‌లాండ్ రెండూ ఉన్నాయి. టూరు పేరుతో పంపేస్తే ఏజెంటుకు ఆ గొడవే ఉండదు. బ్యాంకాక్‌కూ వీసా అక్కర్లేకపోవడం ఈ ఏజెంట్లకు బాగా కలిసొచ్చింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని కుర్రాళ్లను తీసుకెళ్లి, సరిహద్దు దాటించి, మయన్మార్‌లో మ్యావాడీ దగ్గరి సైబర్ మోసాల అడ్డాల్లో పడేశారు. 2025 మార్చిలో అలాంటివాళ్లను వందల మందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వాళ్లలో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు.

అందుకని ఆ అన్న ఫోను నంబరేంటో, ఊరేంటో అడుగుతాను. అనుమానమొస్తే డ్యూటీ మేనేజరును పిలుస్తాను; ఆపాలా వద్దా అన్నది ఇమ్మిగ్రేషన్ వాళ్ల పని. ఈలోపు క్యూలో వెనకవాళ్లు గొణుగుతారు. గొణగనీ.