దిగి చూసిన మనిషి

మాది అరకు ప్రాంతంలో ఒక కొండవార ఊరు. ఊరి దిగువనే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజంతో గూడ్సు బళ్లు రాత్రీ పగలూ నడుస్తాయి. ఆ కూత వింటూనే మేము పెరిగాం. రోజూ చూసేదానికి ఎవరు భయపడతారు? మా తప్పు అక్కడే ఉంది.

సంత రోజున మా ఊరికి ఒకటే జీపు. లోపల కిక్కిరిసి జనం, పైన పసుపు బస్తాలు, కొండచీపుళ్ల కట్టలు, వాటి మీద కుర్రాళ్లం మేము. దారిలో పట్టాలు దాటాలి. అప్పట్లో అక్కడ గేటు లేదు, కాపలా మనిషీ లేడు.

ఒక చలికాలం ఉదయం మంచు దట్టంగా పట్టింది. జీపు నడిపే మా ఊరి అన్న పట్టాలకు ఇవతలే బండి ఆపి, ఇంజను కట్టేశాడు. క్లీనరును దిగి చూడమన్నాడు. "ఏటన్నా, సంత అయిపోయాక వెళ్తామా? పోనీ!" అని పై నుంచి అరిచాం. ఆలస్యమైతే షావుకారు ధర తగ్గిస్తాడని పెద్దవాళ్లూ గొణిగారు. అన్న మాట్లాడలేదు. పట్టాల దాకా నడిచిన క్లీనరు రెండు వైపులా చూసి, ఆగమని చెయ్యెత్తాడు. అంతలోనే మంచును చీల్చుకుంటూ ఇంజను దీపం కనబడింది. మా అరుపుల్లో కూత మాకు వినబడనే లేదు. గూడ్సు దాటిపోయేదాకా ఎవరం నోరు మెదపలేదు.

అన్న చేసింది అతి జాగ్రత్త కాదు, చట్టం చెప్పిన పని అని తర్వాత చదువుకున్నాక తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టంలో 131వ సెక్షను ఉంది. కాపలా లేని క్రాసింగు దగ్గర డ్రైవరు బండి ఆపాలి. కండక్టరో క్లీనరో పట్టాల దాకా నడిచి, ఏ వైపు నుంచీ రైలు రావడం లేదని చూసి, బండిని దాటించాలి. అలాంటి మనిషి లేకపోతే డ్రైవరే దిగి చూడాలి.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని క్రాసింగులో స్కూలు బస్సును ప్యాసింజరు రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. బస్సు డ్రైవరూ బతకలేదు. ఆ వార్త విన్న రోజు మాకు మా జీపే గుర్తొచ్చింది.

2019 నాటికి బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని క్రాసింగులను రైల్వే తీసేసింది. గేట్లు వచ్చాయి గాని మన తొందర పోలేదు. వేసిన గేటు కింద నుంచి బైకు వంచి దూరుతున్నాం. ఒక రైలు వెళ్లగానే కదులుతున్నాం. రెండు లైన్లున్న చోట రెండో రైలు ఎదురుగా రావచ్చు. బరువైన గూడ్సు బ్రేకు వేసిన వెంటనే ఆగదు, పక్కకూ తప్పుకోలేదు. ఆగగలిగింది మనమే.

మాస్టార్లకు ఒక మనవి. ఆ 131వ సెక్షనును పిల్లలకు పాఠంలా చెప్పండి. రేపు వాళ్లలోనే కొందరు జీపులు, ఆటోలు నడుపుతారు. మిగిలినవాళ్లు వెనక కూర్చుంటారు. ఆ ఉదయం స్టీరింగు అన్న చేతిలో ఉంది, తొందర మాత్రం మాది. అతను మా మాట విని ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి మేము ఉండేవాళ్లం కాదు.