ఖలీఫాల ఊరి నుంచి

కోర్దోబా, మంగళవారం

నాన్నగారికి,

ఈ ఊళ్లో ఏ మూలకెళ్లినా బోర్డుల మీద మనకు తెలిసిన మాటే: ఖలీఫా. అరబ్బీ నుంచి తీసుకుని స్పెయిన్‌వాళ్లు 'కలీఫా' అంటున్నారు.

750లో అబ్బాసీలు ఉమయ్యద్‌ వంశపు ఖలీఫాలను గద్దె దించి, ఆ వంశంలో దొరికినవాళ్లను దొరికినట్టు చంపారు. తప్పించుకున్న అబ్దుల్ రహమాన్ ఇక్కడికొచ్చి 756లో రాజ్యం పెట్టాడు. అయినా అమీరు అనే అనిపించుకున్నాడు. ఖలీఫా అంటే ప్రవక్తకు వారసుడు కదా, ఆ హోదా అబ్బాసీల చేతిలో ఉండేది. 909లో ఉత్తరాఫ్రికాలో ఫాతిమీలు తామే ఖలీఫాలమన్నారు. పొరుగువాడు అంతవాడయ్యాక తాను అమీరుగా మిగిలితే పరువేం దక్కుతుంది? 929లో ఇక్కడి అమీరు మూడో అబ్దుల్ రహమాన్ ఆ బిరుదు తనకు తానే పెట్టుకున్నాడు.

బిరుదుకు తగ్గట్టు ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరాన, కొండవాలులో మదీనా అసారా అనే రాజధాని కట్టించాడు. ఇవాళ చూసొచ్చాను. అక్కడి స్తంభాల తలలను ఎంత లోతుగా తొలిచారంటే, రాయికన్నా బెజ్జాలే ఎక్కువ కనిపిస్తాయి. కందిరీగల పట్టు అని వాటికి పేరు. ఇంత కట్టినా, 1010లో అంతర్యుద్ధంలో దోచుకుని తగలబెట్టారు.

గురువారం

నాన్నగారికి,

1031తో ఖలీఫాల పాలన ముగిసింది. రాజ్యం ముక్కలై మన పాలెగాళ్లలా ఎవరి కోటకు వారే రాజులయ్యారు. ఆ ముక్కలను తైఫాలు అనేవారు. ఇప్పటికీ తమలో తాము కుమ్ములాడుకునే నాయకులను ఇక్కడ 'తైఫా రాజులు' అని దెప్పుతారు. 1236లో ఊరు క్రైస్తవరాజు మూడో ఫెర్నాందో వశమైంది.

బిరుదు మాత్రం ఊరు దాటలేదు. ఎద్దులతో పోరాడే ఇక్కడి వీరుల్లో అయిదుగురిని ఖలీఫాలంటారు: లగార్తీహో, గెర్రీతా, మచకీతో, మనొలేతే, ఎల్ కోర్దోబేస్. 1965లో తెరిచిన ఎద్దుల పోరు మైదానం పేరే 'లోస్ కలీఫాస్'. మనొలేతే 1947లో లినారెస్‌లో ఎద్దు కొమ్ము దిగి ముప్పయ్యేళ్లకే పోయాడు. సాంతా మరీనా చర్చి ఎదుట ఆయన విగ్రహం ఉంది.

ఉర్దూలో కుస్తీ అఖాడా ఉస్తాదును ఖలీఫా అనడం మీరు వినే ఉంటారు. అక్కడా ఇక్కడా బరిలో మొనగాడికే ఆ పేరు. ఈ ఊళ్లో సింహాసనం పోయాక బిరుదు బరిలోకి దిగింది. రాజు తనకు తాను పెట్టుకున్నది, ఎద్దుల పోరు వీరులకు ఇతరులు పెట్టారు.

రేపు గ్రనడాకు ప్రయాణం. ఎద్దుల పోరుకు వెళ్లలేదని, వెళ్లబోనని అమ్మకు గట్టిగా చెప్పండి.

మీ
పద్మ