సున్నా రూపాయల అప్‌డేట్

సర్వీస్ బిల్లులో ఇంజిన్ ఆయిల్‌కు ఒక వరుస, ఆయిల్ ఫిల్టర్‌కు ఒకటి, ఏసీ ఫిల్టర్, వీల్ అలైన్‌మెంట్, లేబర్ తలా ఒకటి, వాటి కింద జీఎస్టీ. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ‘ఈసీయూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అని ఉంది. దాని ఎదురుగా అంకె 0.00. అకౌంట్స్ ఉద్యోగంలో తల నెరిసిన ఈ వ్యాసకర్తకు బిల్లులో సున్నా కనబడితే ప్రాణం లేచొస్తుంది. ఈ సున్నా మాత్రం అంతకుముందు 41,300 రూపాయలు పోసి కొన్న వస్తువును కారులోంచి తుడిచిపెట్టేసింది.

ఆ వస్తువు చేత్తో పట్టుకునేది కాదు. ఎంత వేగం దగ్గర ఎంత పెట్రోలు పోయాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అని ఇంజిన్‌కు చెప్పే అంకెల పట్టికలు ఈసీయూ అనే చిన్న కంప్యూటర్లో ఉంటాయి. కంపెనీ వాటిని ఆచితూచి రాస్తుంది. మే నెల రామగుండంలోనూ, జనవరి లేహ్‌లోనూ, ఏ మారుమూల బంకు పెట్రోలుతోనైనా, సర్వీస్ ఎగ్గొట్టే యజమాని చేతిలోనైనా అదే బండి నడవాలి కదా. ఆ పట్టికలను మార్చి రాసే ట్యూనర్ చేసేది ఆ జాగ్రత్తలో కొంత సడలించడమే. 1980లలో ఈ పనికి ఈసీయూ విప్పి, చిప్పు ఊడబెరికి, కొత్త చిప్పు పెట్టేవారు. ఇప్పుడు స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలా కార్లలో పని అయిపోతుంది. రీమ్యాప్ అంటారు, స్టేజ్ వన్ అంటారు. వ్యాసకర్త కారు లీటరు టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు 110 హార్స్‌పవర్. రీమ్యాప్ తర్వాత, పవర్ కొలిచే డైనో యంత్రం మీద 130 దాటింది. ఫీజు 35,000, దానిమీద 18 శాతం జీఎస్టీ.

ఇది కుర్రకారు సరదా కాదా అని ఆఫీసులో అడిగినవాళ్లకు అప్పట్లో అతను ఒక లెక్క చూపించేవాడు. అంతే పికప్ ఉన్న పెద్ద ఇంజిన్ కారు షోరూమ్ ధర 13 లక్షలు. తను కొన్నది 9.5 లక్షలు. తేడా మూడున్నర లక్షలతో ఆగదు. తెలంగాణలో 2022 మేలో వచ్చిన రేట్ల ప్రకారం అప్పట్లో లైఫ్ టాక్స్ 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కారుకు 14 శాతం, 10 దాటి 20 లక్షల లోపు కారుకు 17 శాతం. అంటే 1,33,000 కట్టాల్సిన చోట 2,21,000 కట్టాలి. ఆ టాక్స్ తేడాతోనే రెండు రీమ్యాపులు చేయించుకోవచ్చు. లెక్కలో తప్పేమీ లేదు. అయితే అది కొనేరోజు లెక్క.

సర్వీస్ నుంచి వచ్చాక కారు చెడిపోలేదు. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. పికప్ మాత్రం చచ్చింది. హైవే మీద నాలుగో గేరులో లారీని దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే వెనక నుంచి తోసినట్టుండే ఆ ఊపు రాలేదు.

ఇలాంటప్పుడు మొదట షోరూమ్ వాళ్లని తిట్టాలనిపిస్తుంది. తిట్టేముందు తేల్చుకోవాల్సినవి ఉంటాయి. సర్వీస్‌లో బ్యాటరీ వైరు తీసి పెట్టారా? తీస్తే ఇంజిన్ నడుస్తూ నడుస్తూ నేర్చుకున్న సర్దుబాట్లు చాలా కార్లలో చెరిగిపోతాయి. కొన్నాళ్లు ఐడిల్‌లో బండి తడబడుతుంది, మళ్లీ తనే సర్దుకుంటుంది. ట్యూన్‌కు దానివల్ల వచ్చిన నష్టం లేదు. స్పార్క్ ప్లగ్గులు మార్చారా? ట్యూన్ చేసిన ఇంజిన్లకు చాలామంది ట్యూనర్లు వేడిని త్వరగా వదిలే రకం ప్లగ్గులు, గ్యాప్ తగ్గించి వేస్తారు. షోరూమ్‌లో షెడ్యూలు ప్రకారం వాటిని తీసి కంపెనీవి బిగిస్తే, టర్బో గట్టిగా ఊదినప్పుడు స్పార్క్ సరిగా పడక మిస్‌ఫైర్ మొదలవుతుంది. పాత ప్లగ్గులు చెత్తబుట్టలో ఉంటాయి, కొత్త ప్లగ్గుల బిల్లు మన చేతిలో ఉంటుంది. ఇక సైలెన్సర్ వైపు డౌన్‌పైపు దాకా మార్చుకున్న స్టేజ్ టూ వాళ్ల కష్టం ఇంకో రకం. సాఫ్ట్‌వేర్ కంపెనీది, పైపు బయటిది అయిపోయేసరికి క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయడం లేదని కంప్యూటర్ ఫిర్యాదు చేస్తుంది, లైటు వెలుగుతుంది.

వ్యాసకర్త కారులో పైపులు ముట్టుకోలేదు, ప్లగ్గులు మారలేదు. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ రీడరు ఒకటి తగిలిస్తే సంగతి బయటపడింది. ప్రతి ఈసీయూ తనలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఒక క్యాలిబ్రేషన్ నంబరు చూపిస్తుంది. రీమ్యాప్ రోజున ట్యూనర్ రాసిచ్చిన కాగితంలో ఒక నంబరు, ఇప్పుడు కారులో ఇంకో నంబరు. ట్యూనర్‌కు ఫోటో పంపితే నిమిషంలో జవాబు వచ్చింది: “అన్నా, మన ఫైల్ పోయింది. కంపెనీది కూర్చుంది.”

సర్వీస్ అడ్వైజర్‌ను అడిగితే, “కంపెనీ నుంచి అప్‌డేట్ వచ్చింది సార్, వేసేశాం” అన్నాడు. అతని మాటలో దాపరికం లేదు. షోరూమ్ స్కానర్ కారుకు తగిలించగానే అందులో ఉన్న వెర్షన్‌ను కంపెనీ సర్వర్‌లోని వెర్షన్‌తో పోల్చి చూస్తుంది. కొత్తది ఉంటే పట్టికలన్నీ మొదటి నుంచి రాసేస్తుంది. కింద ఎవరి పనితనం ఉందో దానికి అక్కర్లేదు. ఇలాంటి అప్‌డేట్లను తేలిగ్గా తీసిపారేయడానికీ లేదు. ఫోక్స్‌వాగన్ డీజిల్ కాలుష్య పరీక్షల మోసం బయటపడిన 2015లో, డిసెంబరులో, భారత్‌లోని ఫోక్స్‌వాగన్, స్కోడా, ఆడి కార్లు 3,23,700ను ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ సరిచేయడానికి వెనక్కి పిలిచింది. అవే డీజిల్ ఇంజిన్లు ఇక్కడ రీమ్యాప్ అభిమానులకు ముద్దుబిడ్డలు. రీకాల్‌కు వెళ్తే ట్యూన్ పోతుంది, వెళ్లకపోతే సరిచేయని బండి చేతిలో మిగులుతుంది.

41,300 మీద పోట్లాడదామా అన్న ఆలోచన రాకపోలేదు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. చిక్కల్లా ఫిర్యాదులో రాయాల్సిన మొదటి వాక్యంతోనే. ‘నేను నా ఈసీయూను బయట మార్పించాను’ అని సంతకం పెట్టి ఇస్తే, ఇంకా మిగిలున్న ఇంజిన్ వారంటీని తన చేతులతో తనే కంపెనీకి తిరిగిచ్చినట్టు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో తిరగరాసిన 182ఎ సెక్షన్ అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అంటుంది. సాఫ్ట్‌వేర్ దాని కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు వాదించుకోదగ్గ విషయం. ఆ వాదన తన ఖర్చుతో జరగాల్సిన పని లేదని వ్యాసకర్త అనుకున్నాడు.

డాలస్‌లో ఉండే తమ్ముడు ఫోనులో ఇదంతా విని నవ్వాడు. వాళ్ల దగ్గర 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి సామాను వాడావన్న ఒక్క కారణంతో వారంటీ తోసిపుచ్చడానికి వీల్లేదు, చెడిపోవడానికి అదే కారణమని కంపెనీ చూపించాలి. చట్టం అలా ఉన్నా, ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో ట్యూన్ దొరికితే డీలరు టీడీ1 అనే గుర్తు పెడతాడనీ, ఆ తర్వాత ఇంజిన్, టర్బో వారంటీ కోసం కాళ్లరిగేలా తిరగాలనీ అక్కడి కారు పిచ్చోళ్లందరికీ తెలుసు.

ట్యూనర్ షరతు ఇదీ: పాత వెర్షన్ అయితే మళ్లీ ఉచితంగా ఎక్కిస్తాడు. కంపెనీ వెర్షన్ మారింది కాబట్టి కొత్తగా చదివి కొత్త ఫైలు రాయాలి, 9,000, జీఎస్టీతో 10,620. అదే వారంలో షోరూమ్ నుంచి ఎక్స్‌టెండెడ్ వారంటీ కోసం ఫోన్లు, రెండేళ్లకు 24,000. రెండూ కొనడమంటే ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో దానికి చిల్లు పెట్టుకోవడం. వ్యాసకర్త అప్పటికి రెండూ కొనలేదు. కంపెనీ వారంటీ ముగిసేదాకా బండిని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే వదిలేశాడు.

అలా వదిలేసిన నెలల్లో ఇంటి ఖర్చుల పుస్తకంలో పెట్రోలు వరుస దిగింది. కారణం వెతికితే ట్యూన్ ఫైలు దగ్గరే తేలింది. అది 95 ఆక్టేన్ పెట్రోలుకు రాసిన ఫైలు. తక్కువ ఆక్టేన్ పోస్తే సిలిండర్లో నాకింగ్ మొదలవుతుంది. కంప్యూటర్ దాన్ని పసిగట్టి స్పార్క్‌ను వెనక్కి లాగుతుంది, డబ్బు పోసి కొన్న పవర్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. అందుకని ప్రీమియం పెట్రోలే పోయించేవాడు, లీటరుకు ఏడు రూపాయలు ఎక్కువ. నెలకు 70 లీటర్ల చొప్పున ఏడాదికి దాదాపు 6,000. ట్యూన్ ఖరీదును ఐదేళ్లకు పంచితే ఏటా 8,260. రెండూ కలిపితే ఏడాదికి 14,000 పైచిలుకు. ఈ అంకె ఆఫీసులో చూపించిన పాత లెక్కలో ఎక్కడా లేదు. పెద్ద ఇంజిన్ కారు కొనడం కంటే ఇది ఇప్పటికీ చవకే. అయితే ఆ కారు కొనాల్సిన అవసరం నిజంగా ఉంటేనే ఆ పోలికకు అర్థం.

వారంటీ ముగిశాక 10,620 కట్టి ఫైలు మళ్లీ ఎక్కించుకున్నాడు. ఖర్చుల పుస్తకంలో దాన్ని ‘వాహనం’ పద్దు నుంచి ‘సరదా’ పద్దులోకి మార్చాడు. ఇంట్లో ఆవిడ అది చూసి, “ఏమండీ, ఈ పద్దు కింద నాకెంతుంది?” అని అడిగింది. ఆ చర్చ ఇంకా తెగలేదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ ఫారంలో మార్పుల గురించి అడిగే గడిలో ఈసారి ‘ఉన్నాయి’ అని రాశాడు. క్లెయిమ్ వచ్చిన రోజున మొదలయ్యే వాదన కంటే ఇప్పుడు అడిగే అదనపు ప్రీమియమే నయమని అతని ఉద్దేశం. ఇక క్లచ్. పెరిగిన టార్క్ అంతా దాని మీదే పడుతుంది. వారంటీ ఉన్నా అరుగుదల సామాను కింద దాన్ని కంపెనీ ఇవ్వదు. పెడల్ ఈమధ్య బాగా పైకొచ్చాక గానీ పట్టడం లేదు. ఇంకో ఏడాది లాగుతుందని ట్యూనర్ అంటున్నాడు. వ్యాసకర్త మాత్రం ఈ త్రైమాసికంలోనే 30,000 పక్కన పెట్టాడు.