సిద్ధం చేసుకోని మాట

చింతలపూడి దగ్గర ఒక పామాయిల్ తోటలో గృహకూటం. ఆ ఇంటి యజమాని చక్కగా ప్రార్థన చేస్తాడు. గొంతులో తడి, మాటల్లో పొందిక. ఆ రోజు కూలీల కోసం, వాళ్ల పిల్లల చదువుల కోసం కూడా చేశాడు. ఆమెన్ అన్న కాసేపటికి గెలలు ఎత్తే కుర్రాడొకడు మంచినీళ్ల కోసం వరండా దాకా వచ్చాడు. "అక్కడే ఆగరా, ఆ మట్టికాళ్లతో ఎక్కడికొస్తున్నావ్?" అన్నాడు యజమాని. ప్రార్థన చేసిన గొంతే. చాప మీంచి ఒక ముసలమ్మ లేచింది. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే తలొంచుకునే మనిషి. చెంబు అందిస్తూ, "గెల ముల్లు దిగిందా నాయనా? ఏదీ, చెయ్యి ఇటు పెట్టు" అంది. అరచేతిలో నిజంగానే ముల్లు ఉంది. మేమెవరమూ దాన్ని చూడలేదు.

ఆయన ప్రార్థన బూటకం, ఆమెదే అసలు భక్తి అని తేల్చెయ్యడం తేలిక. ఆ తేలికే నాకు అనుమానం కలిగించింది. ఎందుకంటే ఆ ముసలమ్మే మనవణ్ణి "సచ్చినోడా, అన్నానికి రారా" అని వీధంతా వినబడేలా కేకేస్తుంది. మా వైపు ప్రేమ సగం తిట్లలోనే వస్తుంది. మా వెటకారం సంగతి వేరే చెప్పక్కర్లేదు. తియ్యగా మాట్లాడుతూనే వడ్డీకి వడ్డీ గుంజేవాళ్లనూ మనం ఎరుగుదుం. కరుకుదనాన్ని బట్టి మనసును తూస్తే తూకం తప్పుతుంది. మరి హృదయంలో నిండినదే నోట పలుకుతుందని ప్రభువు ఎందుకన్నాడు?

మత్తయి 12వ అధ్యాయం మళ్లీ తీశాను. ఆ మాటకు ముందు జరిగినదాన్ని మనం తరచూ దాటేస్తాం. గుడ్డివాడూ మూగవాడూ అయిన ఒకణ్ణి యేసు బాగుచేశాడు. మూగవాడికి మాట వచ్చిన వేళ అది! అతను ఏం మాట్లాడాడో సువార్త చెప్పలేదు. పరిసయ్యులు ఏమన్నారో మాత్రం చెప్పింది: ఇది దయ్యాల అధిపతి పని అన్నారు. నిత్యం లేఖనాలు వల్లించే నోళ్లవి. అంత మేలు కళ్లెదుట జరిగినా వాటికి సంతోషం రాలేదు, ఈ మాట వచ్చింది. విమర్శ దినాన లెక్క చెప్పాల్సింది వ్యర్థమైన మాటలకు అని ప్రభువు హెచ్చరించింది కూడా అక్కడే. సిద్ధపడి పలికే మాటకు మనం కాపలా పెడతాం. అలవోకగా జారేదానికి ఆ కాపలా ఉండదు.

ఎగువన ఖమ్మం వైపు గట్టి వాన పడితే తమ్మిలేరు పొంగుతుంది. నాగిరెడ్డిగూడెం రిజర్వాయర్ గేట్లెత్తారంటే, ఏలూరులో చినుకు లేకపోయినా లోతట్టు వీధులవాళ్లు సామాన్లు సర్దుకుంటారు. మాట కూడా అలాగే ఎప్పుడో, ఎక్కడో పడ్డ వాన కబురు తెస్తుంది. ఆ వరండాలో వచ్చిన కసురు ఆ కుర్రాడి మట్టికాళ్ల వల్ల పుట్టింది కాదేమో. ఏ తరాల నుంచి పేరుకున్న నీరో అది. ఈ మాట మా సంఘాల్లో పైకి అనుకోం.

పేతురు కూడా గుర్తొస్తాడు. ప్రధాన యాజకుడి ముంగిట, యేసు ఎవరో తనకు తెలియదని ఒట్టు పెట్టుకుంటుంటే, గలిలయ యాసే అతణ్ణి పట్టిచ్చింది. నోరు కాదన్నదాన్ని పలుకు ఒప్పేసుకుంది. ముసలమ్మ తిట్టులోనూ నేను వినాల్సింది ఆ యాసనే. ఆ తిట్టు వినగానే మనవడు బెదరడు, కంచం ముందుకు పరిగెడతాడు.

ఇక ఆ యజమాని. ఆయన ప్రార్థన అబద్ధమని ఇప్పుడు అనుకోను. చేరాలనుకున్న చోటు ప్రార్థనలో చెప్పుకున్నాడు; ఉన్న చోటు వరండాలో బయటపడింది. ఆ రెంటికీ మధ్య దూరం మనలో ఎవరికి లేదు? ఒకే నోట స్తుతీ శాపమూ వస్తున్నాయని బాధపడిన యాకోబు కూడా, ఎదుటివాళ్లను వేలెత్తి చూపకుండా, తనను కలుపుకునే రాశాడు.